సీల్‌ను తిట్టకండి, ముందు రాడ్డు మీద గోరు పెట్టండి

ప్రశ్న: మాది మచిలీపట్నం. మా నాన్నగారు 1987లో కొన్న రాజ్‌దూత్ 350 పద్నాలుగేళ్లు పెరట్లో రేకుల షెడ్డులో ఉండిపోయింది. ఇంజిను బాగు చేయించాను, నడుస్తోంది. కానీ ముందు ఎడమవైపు షాకబ్జార్బర్ నుంచి నూనె కారుతోంది. ఒక మెకానిక్ రెండుసార్లు సీల్‌లు (నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయాలు) మార్చారు. రెండుసార్లూ వారం తిరగకుండానే మళ్లీ కారింది. బ్రేకు వేస్తే ముందు భాగం ఒక్కసారిగా కూలబడుతోంది, గతుకుల మీద ‘ఠక్’మని చప్పుడు వస్తోంది. మరో మెకానిక్ ఈ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాకబ్జార్బర్ కాళ్ల జత) మొత్తం తీసేసి, కొత్త బండి ఫోర్కును డిస్కు బ్రేకుతో సహా వేద్దామంటున్నారు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. నేను ఇంతవరకు స్పార్క్ ప్లగ్గు తప్ప ఏదీ విప్పి ఎరగను. ఈ పని నేనే చేసుకోగలనా? ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: చేసుకోగలరమ్మా. ఒక్క భాగం మాత్రం బయటి వారితో చేయించాలి, అది ఎందుకో చెబుతాను. దానికంటే ముందు మీరు పంపిన మూడో ఫొటో గురించి మాట్లాడాలి. ఎడమ రాడ్డు మీద, అంటే షాకబ్జార్బర్‌లో మెరిసే గొట్టం మీద, నల్లటి రబ్బరు టోపీకి బెత్తెడు పైన, ఆవగింజల్లా గోధుమరంగు చుక్కలు కనిపిస్తున్నాయి. మీ మెకానిక్ రెండుసార్లూ వాటిని చూసే ఉంటారు. గుడ్డతో తుడిచి, మెరుస్తోందిలే అనుకుని, కొత్త సీల్ తొడిగి ఉంటారు.

ఇప్పుడే వెళ్లి ఒక పని చేయండి. రాడ్డును శుభ్రంగా తుడిచి, బొటనవేలి గోరును దాని మీద పైనుంచి కిందికి నెమ్మదిగా లాగండి. చుట్టూ తిరుగుతూ పది పన్నెండు గీతలుగా లాగండి. గోరు ఎక్కడైనా టక్కున తట్టుకుందా? తట్టుకుంటే సీల్ పెదవి కూడా అక్కడే తట్టుకుంటుంది. గతుకు గతుకుకీ ఆ గుంట అంచు మీద అరిగి చిరుగుతుంది. కళ్లకు కనిపించని గుంటను గోరు పట్టేస్తుంది. అందుకే ఎంత ఖరీదైన సీల్ వేసినా మీకు వారం కంటే రాలేదు. గోటితో తేలే విషయానికి గొడ్డలి తెచ్చి, ఫోర్కు మొత్తం మార్చేద్దామంటున్నారు రెండో మెకానిక్.

ఆ గుంటలు ఎలా వచ్చాయో తెలిస్తే తర్వాతి పని సులువుగా అర్థమవుతుంది. రాడ్డు లోపల ఉక్కు గొట్టం, పైన హార్డ్ క్రోమ్ పూత. ఆ పూత ఎంత గట్టిదైనా దానిలో సన్నటి పగుళ్లు పుట్టుకతోనే ఉంటాయి. రోజూ నడిచే బండికి రాడ్డు మీద పలచటి నూనె పొర ఉంటుంది, ఆ పగుళ్లను అదే కాపాడుతుంది. ఆగిపోయిన బండికి ఆ పొర ఎండిపోతుంది. బందరు గాలి సంగతి మీకు నేను చెప్పాలా? కిటికీ ఊచలనే తినేసే ఉప్పుగాలి అది. తేమ పగుళ్ల గుండా ఉక్కును చేరుతుంది, తుప్పు పుట్టి కింది నుంచి క్రోమును పొట్టులా లేపేస్తుంది. రబ్బరు టోపీ కింద నిలిచిన నీరు మరీ చెడ్డది. పద్నాలుగేళ్లు బండి ఒకే ఎత్తులో నిలబడింది కనుక తుప్పు కూడా ఒకే వలయంలో కూర్చుంది. సరిగ్గా సీల్ పైకీ కిందికీ తిరిగే చోటే అది.

కొందరు రాడ్డును సగం తిప్పి బిగిస్తారు, గుంటలు వెనక్కి పోతాయని. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ సీల్ గుండ్రటిది, దానికి ముందూ వెనుకా లేవు. ఒకటో రెండో గుంటలైతే గట్టి ఎపాక్సీ జిగురు నింపి, ఆరాక సన్నటి నీటి కాగితంతో (తడిపి రుద్దే ఎమెరీ కాగితం) సమం చేసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. నేనూ చేశాను, ఒక వానాకాలం గడిచింది. మీ రాడ్డు మీద మాత్రం ఆ అవకాశం దాటిపోయింది. ఇంకో మాట. కింది టీకి (రాడ్లను పట్టుకునే కింది అడ్డపట్టీకి) పైన, హెడ్‌లైటు పట్టీల చాటున ఎంత తుప్పు ఉన్నా బెంగ పడనవసరం లేదు. సీల్ అక్కడి దాకా రాదు.

మాటల్లో తేడా రాకుండా పేర్లు చెప్పుకుందాం. బండి మెడకు పైనా కిందా ఉండి రెండు కాళ్లనూ పట్టుకునేవి టీలు. వాటిలో దూరే మెరిసే గొట్టం రాడ్డు. రాడ్డు మీద పైకీ కిందికీ జారే అల్యూమినియం ఒర బాటమ్. చక్రం ఇరుసు దీనికే ఉంటుంది. బాటమ్ నోట్లో సీల్, దాన్ని పట్టి ఉంచే తీగ లాక్, ఆ పైన దుమ్ము టోపీ. రాడ్డు లోపల స్ప్రింగు, దాని కింద డంపర్ గొట్టం. దీన్ని బాటమ్ అడుగు నుంచి ఒక అలెన్ బోల్టు పట్టుకుని ఉంటుంది.

ఈ డంపర్ గొట్టం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, మీ రెండో ఫిర్యాదు అంతా ఇక్కడే ఉంది కనుక. టెలిస్కోపిక్ ఫోర్కులో నూనె కేవలం జారుడు కోసం కాదు. 1934లో డెన్మార్క్ వారి నింబస్ బండికి టెలిస్కోపిక్ ఫోర్కు వచ్చింది, కానీ దానిలో నూనెతో కుదుపును అణచే ఏర్పాటు లేదు. మరుసటి ఏడాది బీఎండబ్ల్యూ తన ఆర్ 12, ఆర్ 17 బండ్లలో ఆ ఏర్పాటు తెచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా సూత్రం అదే. స్ప్రింగు గతుకును మింగుతుంది, మింగినదాన్ని వెంటనే కక్కేయకుండా నూనె ఆపుతుంది. డంపర్ గొట్టానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. చక్రం పైకి లేచినప్పుడు నూనె కాస్త సులువుగా దారి ఇస్తుంది. తిరిగి చాచుకునేటప్పుడు మాత్రం సన్నటి రంధ్రాల గుండా కష్టపడి దూరాలి. ఆ కష్టమే మీకు మెత్తదనంగా తెలుస్తుంది. ఎడమ కాలిలో నూనె సగం కారిపోయింది. దూరడానికి నూనె లేదు, గాలి దూరుతోంది. అందుకే బండి కూలబడుతోంది, తిరిగి చాచుకునేటప్పుడు ఇనుముకు ఇనుము తగిలి ‘ఠక్’మంటోంది.

అయితే ఆ ‘ఠక్’ మొత్తం నూనెదేనా అన్నది విప్పకముందే తేల్చుకోండి. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. ఇంకొకరిని ఎడమచేతి వేళ్లు కింది టీకీ, బండి మెడకూ మధ్య సందులో ఉంచమనండి. అక్కడ కదలిక తెలిస్తే కోన్‌సెట్, అంటే మెడలో హ్యాండిల్ తిరిగే గోళీల అమరిక, వదులైంది. ఆ తర్వాత రాడ్డూ బాటమూ కలిసే చోట వేళ్లు పెట్టమనండి. అక్కడ తెలిస్తే లోపల అరుగుదల ఉంది. మీ నాన్నగారి వేళ్లే పెట్టమనండి, ఆ బండి ఊగుడు ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

కొత్త ఫోర్కు సంగతి ఇక్కడే తేల్చేస్తాను. రాజ్‌దూత్ 350 అంటే జపాన్ యమహా ఆర్‌డీ 350 బీ నమూనా, ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో చేసింది. బయట డిస్కు బ్రేకుతో అమ్మిన బండికి ఇక్కడ ఖర్చు తగ్గించడానికి డ్రమ్ము పెట్టారు. 347 సీసీ బండికి ఆ డ్రమ్ము చాలదని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మీ రెండో మెకానిక్ మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ వేరే బండి ఫోర్కు వేస్తే మెడ గొట్టం పొడవు కుదరదు, రాడ్ల లావు తేడా, మెడ గొట్టం నుంచి రాడ్లు ఎంత ముందుకు ఉన్నాయన్న దూరం తేడా. ఈ చివరిది కంటికి కనిపించదు. అది మారితే బండి తిరిగే తీరే మారిపోతుంది. సరళరేఖలో నిలకడగా పోయే బండి వేగంలో తల ఊపడం మొదలుపెట్టవచ్చు. లేతు మీద కొత్త మెడ తిప్పి, వాషర్లు పేర్చి అమర్చినవాటిని నేను చూశాను. వాటి మీద ఎనభై కిలోమీటర్ల వేగం దాటే ధైర్యం నాకు లేదు. పైగా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. మీ నాన్నగారు ససేమిరా అన్నది మొండితనం అనుకోకండి.

సరే, విప్పుదాం.

బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, ఇంజిను కింద చెక్క దిమ్మ పెట్టి, ముందు చక్రం నేలను వదిలేలా చూసుకోండి. కానీ చక్రం ఇప్పుడే తీయకండి. కొత్తవారు చేసే మొదటి తప్పు ఇదే. కాలు బయటికి లాగేశాక రాడ్డు పై మూత విప్పాలంటే దాన్ని పట్టుకునే దిక్కు ఉండదు. కాలు బండిలో ఉండగానే పై టీ బోల్టును వదులు చేసి, ఆ తర్వాత మూతను పావు చుట్టు మాత్రం కదిలించండి. టీ బోల్టు బిగువుగా ఉండగా మూత మీద బలం పెడితే మూత మరలు చెడతాయి. అలాగే అడుగున ఉన్న అలెన్ బోల్టునూ ఇప్పుడే కదిలించాలి. బోల్టు తలలోని గుంటలో ముప్పై ఏళ్ల మట్టి గట్టిపడి ఉంటుంది. దబ్బనంతో పూర్తిగా గీకి తీసి, అలెన్ కీ అడుగు దాకా దిగిందని రూఢి చేసుకుని, కీ వెనుక సుత్తితో ఒక్క దెబ్బ వేసి, అప్పుడు తిప్పండి. కీ సగం దిగితే గుంట గుండ్రమవుతుంది, ఆ తర్వాత మీకూ నాకూ పని ఉండదు, డ్రిల్లుకే పని.

ఆ బోల్టుతో ఇంకో తంటా ఉంది. మరలు వదిలాక అది తిరుగుతూనే ఉంటుంది, బయటికి రాదు. లోపల డంపర్ గొట్టం కూడా దానితో పాటు తిరుగుతోందన్నమాట. స్ప్రింగు లోపల ఉండగా ఒకరు హ్యాండిల్ మీద బరువు వేసి ఫోర్కును నొక్కి పట్టుకుంటే, స్ప్రింగు డంపర్ గొట్టాన్ని అదిమి తిరగకుండా ఆపుతుంది. దానికోసం చక్రాన్ని నేలకు ఆనించండి. అందుకే చక్రం తీయవద్దన్నాను. అప్పటికీ లొంగకపోతే స్ప్రింగు తీసేశాక, చీపురు కర్ర ఒకటి తెచ్చి కొసను కత్తితో పెన్సిలులా చెక్కి, రాడ్డు పై నుంచి లోపలికి దింపి డంపర్ గొట్టం నోట్లో గట్టిగా అదిమి పట్టుకోండి. కర్ర పట్టుకునేవారు ఒకరు, కీ తిప్పేవారు ఒకరు. ఇంట్లో ఉన్న సామానుతో ఇంత చక్కగా జరిగే పని ఇందులో ఇంకొకటి లేదు.

తర్వాత చక్రం, మడ్‌గార్డు తీసి, పై మూతలు పూర్తిగా విప్పండి. చివరి రెండు చుట్లలో అరచేతిలో మందపాటి గుడ్డ పెట్టి మూతను కిందికి అదిమి ఉంచండి. స్ప్రింగు దాన్ని పైకి ఎగదన్నుతుంది, ముఖం పైకి వంచకండి. స్ప్రింగులు తీసి రెండింటినీ నేల మీద పక్కపక్కన నిలబెట్టండి. పొడవులో తేడా కనిపిస్తే, ఒకటి అలసిపోయింది. మార్చాల్సి వస్తే రెండూ మార్చాలి. టీ బోల్టులు వదులు చేసి కాళ్లను మెలి తిప్పుతూ కిందికి లాగండి. గుంజితే రావు, తిప్పితే వస్తాయి. ఎడమ కాలు, కుడి కాలు భాగాలను వేరువేరు పళ్లాల్లో పెట్టండి. తీసిన వరుసలోనే పేర్చి ఫోన్‌తో ఒక్కో ఫొటో తీసుకోండి.

కాలిలోంచి వచ్చే నూనెను గాజు గిన్నెలో పట్టండి. నల్లగా ఉంటుంది, కంపు కొడుతుంది. దానికి భయపడకండి. వెలుగులో తిప్పి చూడండి. వెండి రజనులా మెరుపు కనిపిస్తే బాటమ్ లోపల అరుగుతోంది. ఈ ఫోర్కులో రాడ్డు నేరుగా అల్యూమినియం ఒరలోనే జారుతుంది, కొత్త బండ్లలోలా విడిగా మార్చుకునే బుష్‌లు ఉండవు. అరుగుదల బాగా ఎక్కువైతే బాటమ్‌ను కోసి బుష్ కొట్టించాలి. అది నిపుణుల పని. మీ బండి పద్నాలుగేళ్లు తిరగలేదు కనుక అంతదాకా రాదనుకుంటాను.

పాత సీల్ తీయడానికి లాక్ తీగను చిన్న స్క్రూడ్రైవర్‌తో గాడిలోంచి లేపండి. తర్వాత బాటమ్ నోటి చుట్టూ మరిగే నీళ్లు నెమ్మదిగా పోయండి. అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది, ఉక్కు చట్రం ఉన్న సీల్ పట్టు వదులుతుంది. పెద్ద స్క్రూడ్రైవర్ కింద చెక్కముక్క ఊతంగా పెట్టి సీల్‌ను మీటండి. బాటమ్ అంచును ఊతంగా వాడకండి, అక్కడ గంటు పడితే కొత్త సీల్ బయటి అంచు నుంచి కారుతుంది. మీ మెకానిక్ రెండుసార్లు ఆ పని చేసి ఉన్నారు కనుక, గంట్లు ఇప్పటికే ఉన్నాయేమో వేలితో తడిమి చూసుకోండి. ఉంటే ఎమెరీ కాగితంతో అంచు ఎత్తు మాత్రం తగ్గించండి, గుంట పూడ్చబోకండి.

ఇప్పుడు బయటి వారికి ఇవ్వాల్సిన పని. రాడ్లు రెండూ వంగాయో లేదో చూడాలి. ఇంట్లో టేబుల్ మీద మందపాటి అద్దం వేసి రాడ్డును దొర్లించండి. కిందుగా కన్ను పెట్టి చూస్తే వెలుతురు సందు కనిపిస్తుంది, వంగిన రాడ్డు కుంటుతూ దొర్లుతుంది. అసలు కొలత మాత్రం లేతు పనివారి దగ్గర డయల్ గేజీతోనే తేలాలి. సాధారణంగా 0.2 మిల్లీమీటర్లు దాటితే వద్దంటారు. కొద్దిపాటి వంపును ప్రెస్సు మీద సరిచేసేవారు ఉన్నారు. మడత పడిన రాడ్డును మాత్రం ఎవరు సరిచేస్తానన్నా ఇవ్వకండి.

గుంటల విషయానికి హార్డ్ క్రోమే మందు. అది చేసే తీరు తెలుసుకుని వెళ్లండి, లేకపోతే మెరిసేలా పూత వేసి పంపేస్తారు. పాత క్రోము మొత్తం తీసేయాలి. గుంటలు పోయేదాకా ఉక్కును గ్రైండింగ్ చేయాలి. ఆ తర్వాత కావలసినదానికంటే మందంగా క్రోము ఎక్కించి, తిరిగి అసలు కొలతకు గ్రైండింగ్ చేయాలి. అసలు కొలత 34 మిల్లీమీటర్లు. నోటి మాటగా చెప్పకండి. రాడ్డులో అరుగుదల ఎరగని చోటు ఒకటి ఉంది, రెండు టీల మధ్య ఉండే భాగం. అక్కడ మైక్రోమీటర్ పెట్టి చూపించి, ఇంతకు తీసుకురండి అనండి. స్కూటర్ బంపర్లకు, కుర్చీ కాళ్లకు వేసే అలంకార క్రోము వేరు. అది పొరలా ఉంటుంది, కింద గుంటలు అలాగే ఉంటాయి. ‘గ్రైండింగ్ ఎక్కడ చేస్తారు?’ అని అడగండి. జవాబు తడబడితే రాడ్లు తీసుకుని వచ్చేయండి. విజయవాడ జవహర్ ఆటోనగర్ మీకు దగ్గర, హైడ్రాలిక్ జాకీల రాడ్లు బాగు చేసే దుకాణాల్లో ముందుగా విచారించండి. జేసీబీ చేతులకు ఉండే మెరిసే రాడ్లు చూశారు కదా, ఇదే పని. అక్కడ కుదరకపోతే హైదరాబాద్ బాలానగర్‌లో ఈ తరహా పరిశ్రమలు ఉన్నాయి. రెండు రాడ్లూ ఒకేసారి చేయించండి. కుడి రాడ్డు బాగానే కనిపించినా, దానికీ పట్టింది అదే గాలి.

సీల్‌ల ధరతో పోలిస్తే ఈ ఖర్చు చాలా రెట్లు ఉంటుంది. ఇప్పటికే రెండు జతల సీల్‌లకు, రెండుసార్ల కూలికి ఇచ్చినది లెక్క వేసుకుంటే అంత బాధ అనిపించదు.

రాడ్లు వచ్చేలోగా ఖాళీగా ఉండకండి. కాళ్లు బయట ఉన్నప్పుడే కోన్‌సెట్ చూడటం తేలిక. కింది టీని దింపేటప్పుడు గోళీలు రాలతాయి, కింద పాత దుప్పటి పరిచి పని చేయండి. గోళీలు తిరిగే గిన్నెల్లో వేలు తిప్పితే వరుసగా గంట్లు తగిలితే, ఆ గిన్నెలు మార్చాల్సిందే. బండి నిటారుగా పోతున్నప్పుడు హ్యాండిల్ ఒకచోట కూర్చుండిపోయినట్టు అనిపించేది ఈ గంట్ల వల్లే. బాగుంటే కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పట్టించండి.

ఇప్పుడు బిగింపు. కొత్త సీల్ కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న అంకెలు చూసి కొనండి. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వరుసగా ఉంటాయి. మొదటిది 34 కావాలి. డంపర్ గొట్టం రాడ్డులో దించి, రాడ్డును బాటమ్‌లో పెట్టి అడుగు బోల్టు బిగించండి. ఆ బోల్టు కింద ఉండే రాగి వాషర్‌ను తప్పకుండా మార్చండి. దొరకకపోతే పాతదాన్ని స్టవ్ మంట మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేయండి, రాగి మెత్తబడి మళ్లీ పట్టుకుంటుంది. నూనె అడుగు నుంచి కారితే చాలామంది దాన్నీ సీల్ ఖాతాలోనే వేస్తారు, దోషం ఈ వాషర్‌ది.

సీల్‌కు పై వైపు అంకెలు, కింది వైపు సన్నటి తీగ స్ప్రింగు ఉంటాయి. తీగ ఉన్న వైపు నూనె వైపు ఉండాలి. రాడ్డు పై కొసకు పలచటి ప్లాస్టిక్ సంచి తొడిగి, దాని మీద కాస్త ఫోర్కు నూనె పూసి, సీల్‌ను పై నుంచి జార్చండి. అంచు పదునుకు సీల్ పెదవి కోసుకుపోకుండా సంచి కాపాడుతుంది. ఈ ఒక్క జాగ్రత్త మీ మెకానిక్ తీసుకున్నారో లేదో నాకు అనుమానమే. బాటమ్ నోటి దాకా వచ్చాక పాత సీల్‌ను దాని మీద పెట్టి, రాడ్డు మీదికి సరిపోయే ప్లాస్టిక్ గొట్టం ముక్కతో చుట్టూ సమంగా తట్టండి. ఒక పక్కే తడితే వంకరగా దిగుతుంది. లాక్ గాడి పూర్తిగా కనిపించాక ఆపండి. చప్పుడు కూడా మారుతుంది, బోలుగా వినిపించేది గట్టిగా వినిపిస్తుంది. లాక్ తీగ గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలితో తిప్పి చూడండి.

నూనె దగ్గర నా సొంత కథ ఒకటి చెప్పాలి. పాతికేళ్ల వయసులో స్నేహితుడి బండికి ఇదే పని చేశాను. కొలత చూసుకుని పోశాక సీసాలో కాస్త మిగిలింది. పోనీలే, ఉంటే మంచిదే కదా అని దాన్నీ రెండు కాళ్లలో సమంగా పంచి పోశాను. ఊరి చివర మొదటి స్పీడ్ బ్రేకర్ మీద సీల్‌లు రెండూ లాక్‌ల దాకా లేచిపోయాయి. నా ప్యాంటు మోకాళ్ల దాకా నూనె, డ్రమ్ములోకీ దిగింది, బ్రేకు పట్టితే ఉత్త జారుడు. మూడు కిలోమీటర్లు తోసుకొచ్చాం. తర్వాత తెలిసింది: కాలిలో నూనె పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే. నూనె పెరిగిన కొద్దీ గాలికి చోటు తగ్గుతుంది, నొక్కుకున్నప్పుడు ఒత్తిడి పెరిగిపోతుంది. ఆ ఒత్తిడిని ఆపాల్సింది సీల్ ఒక్కటే.

ఆర్‌డీ 350 లెక్క కాలుకు 145 సీసీ. పసిపిల్లల పాలసీసా మీద గీతలు ఉంటాయి, అలాంటిది ఒకటి ఈ పనికి కేటాయించండి. 15 గ్రేడు ఫోర్కు నూనెతో మొదలుపెట్టండి. మరీ గట్టిగా అనిపిస్తే తర్వాతి మార్పుకు 10 వేయవచ్చు. బ్రేకు నూనె పొరపాటున కూడా పోయకండి. పోశాక రాడ్డును పది పదిహేనుసార్లు పైకీ కిందికీ ఆడించి బుడగలు పోనివ్వండి. ఆ తర్వాత స్ప్రింగులు వేయకముందే రెండు కాళ్లనూ పూర్తిగా కిందికి నొక్కి, రాడ్డు పై అంచు నుంచి నూనె మట్టం ఎంత లోతులో ఉందో స్కేలుతో చూడండి. కొలతల కంటే ఈ రెండు లోతులు సమంగా ఉండటం ముఖ్యం. చెరోలా ఉంటే ఒక కాలు ముందు అలుస్తుంది.

కాళ్లను టీలలోకి ఎక్కించాక అన్నీ వెంటనే బిగించేయకండి. రాడ్ల పై అంచులు టీతో సమంగా, రెండు వైపులా ఒకే ఎత్తులో పెట్టండి. కింది టీ బోల్టు బిగించి, పై మూతలు బిగించి, ఆ తర్వాత పై టీ బిగించండి. చక్రం పెట్టి ఇరుసు నట్టు బిగించండి. ఇరుసును పట్టే పిడి బోల్టు, మడ్‌గార్డు బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి, బండిని నేల మీదికి దించి, ముందు బ్రేకు పట్టి ఆరేడుసార్లు గట్టిగా నొక్కండి. రెండు కాళ్లూ ఒకదానికొకటి సమాంతరంగా వాటంతట అవే సర్దుకుంటాయి. ఇప్పుడు బిగించండి. ఈ మెట్టు దాటేస్తే ఫోర్కు బిగుసుకుపోయినట్టు నడుస్తుంది, నూనె గ్రేడును తప్పు పడతారు. మడ్‌గార్డు పట్టీ వంగి ఉన్నా ఇదే గతి. బోల్టు రంధ్రాలు కుదరలేదని కాళ్లను దగ్గరికి లాగి బిగించకండి, పట్టీనే సరిచేయండి.

బండి కదలకముందు బ్రేకు ప్లేటును ఇంకోసారి చూడండి. చక్రంతో పాటు అది తిరగకుండా ఆపే అడ్డు తన గాడిలో సరిగ్గా కూర్చుందా? కూర్చోకపోతే మొదటిసారి బ్రేకు పట్టగానే ప్లేటు తిరిగిపోయి చక్రం స్తంభిస్తుంది. ఈ పని మొత్తంలో అన్నిటికంటే ప్రాణాంతకమైన పొరపాటు ఇదే, అందుకే విడిగా రాస్తున్నాను. ఎడమ కాలి నూనె డ్రమ్ము వైపుకు కారిందేమో కూడా చూడండి. బ్రేకు షూలకు నూనె పట్టి ఉంటే వాటిని కడిగి వాడకండి, కొత్తవి వేయండి.

ఎడమ రాడ్డుకు ఒక చిన్న ప్లాస్టిక్ టై కట్టి దుమ్ము టోపీకి ఆనించి ఉంచండి. ఒకరోజు తిరిగి వచ్చాక ఆ టై ఎంత పైకి జరిగిందో చూస్తే ఫోర్కు ఎంత దూరం నొక్కుకుంటోందో తెలుస్తుంది. రాడ్డు మీద వేలికి అంటీ అంటనట్టు నూనె పొర ఉంటే కంగారు పడకండి, ఉండాల్సిందే. దుమ్ము పట్టిన వలయం కింద బొట్టుగా చేరితే మళ్లీ రాయండి. ఇకముందు బండిని ఎక్కువ రోజులు ఆపాల్సి వస్తే, నెలకోసారి రాడ్లు తుడిచి నూనె గుడ్డతో రాయండి, ముందు భాగాన్ని నాలుగుసార్లు నొక్కి వదలండి. బందరులో ఉన్నంతకాలం ఇది తప్పదు.

పని అంతా అయ్యాక మీ నాన్నగారు వరండాలోంచే ‘పై మూతలు బిగించావా?’ అని అడుగుతారు. బిగించానని జవాబు చెప్పే ముందు లేచి, పానా పెట్టి ఒకసారి చూడండి.